పన్నెండో ప్రతి

పటాన్ని చట్రంలోంచి బయటికి తీయమని లోకేశ్వరి రెండోసారి అడిగింది. బాలచంద్ర ఈసారి కాదనలేకపోయాడు. వెనకవైపు మేకులు ఒక్కొక్కటే ఊడదీసి, కాగితాన్ని తెల్ల బట్ట పరిచిన బల్ల మీద పెట్టాడు. తిరుపతిలో అతనిది పటాలు కట్టే దుకాణం. గోడల నిండా దేవుడి పటాలు, వాటి మధ్య ఒక గడియారం. అందులో పది ముప్పై ఐదయింది.

సాయంత్రం ఐదింటికి గ్రేసీని అరెస్టు చేస్తున్నానని సి.ఐ. మునిప్రసాద్ పొద్దున ఎనిమిదికే ఫోను చేసి చెప్పాడు. లోకేశ్వరికి మిగిలింది ఆరున్నర గంటలు కూడా లేదు.

గ్రేసీకి యాభై ఒక్క ఏళ్లు. వడమాలపేటలో యోగానంద నడిపిన స్క్రీన్ ప్రింటింగ్ షెడ్డులో ఇరవై ఏడేళ్లు పనిచేసింది. జనానికి అది శుభలేఖలూ కరపత్రాలూ అచ్చువేసే షెడ్డు. కానీ యోగానంద ఒకప్పుడు మద్రాసులో పేరున్న చిత్రకారుడు. ఎనభై రెండేళ్ల ఆ మనిషి ఈ నెల తొమ్మిదో తారీకు శుక్రవారం, షెడ్డులో అటక నిచ్చెన మీది నుంచి పడి చనిపోయాడు. మర్నాడు ఏడూ పదికి పనికి వచ్చిన గ్రేసీ శవాన్ని చూసింది. పోలీసులు మొదట ప్రమాదమనే రాసుకున్నారు. వారం తర్వాత, ఆయన షెడ్డును గ్రేసీ పేర రాసిపెట్టిన సంగతి బయటపడింది. ఆయన చెల్లెలి కొడుకు బాలచంద్ర వెంటనే స్టేషనుకు పోయి, ఆమే నిచ్చెన తోసిందని ఫిర్యాదు ఇచ్చాడు.

ఆ రోజే గ్రేసీ బస్సెక్కి తిరుపతి వచ్చి, లోకేశ్వరి ఆఫీసు మెట్లెక్కి, అరగంట సేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. ఒక లాడ్జి పైనున్న రెండు గదుల్లో ఒకటి లోకేశ్వరికి ఆఫీసు, రెండోది ఇల్లు. ఆ రెండింటిలోనూ ఇంకో మనిషి గొంతు వినిపించి చాలా రోజులయింది. అందుకేనేమో, ఆ అరగంట ఆమెకు విసుగనిపించలేదు.

లోకేశ్వరి భూతద్దం తీసి కాగితం మీదికి వంగింది.

అది 1969లో మద్రాసులో అచ్చువేసిన పటం. పైన ఇటుక రంగులో వెడల్పాటి పట్టీ. దాని కింద బూడిదరంగు దీర్ఘచతురస్రం. దగ్గరికి పోయి చూస్తే ఆ బూడిదరంగు మొత్తం చుక్కలే. పత్రికలో పడిన ఏదో ఫోటోను, బొమ్మ మాయమై చుక్కలు మాత్రమే మిగిలేదాకా పెద్దది చేసి, జల్లెడలాంటి తెర గుండా సిరా దించి అచ్చువేశారు. అంతవరకు యంత్రం పని. ఆ అచ్చు మీద యోగానంద నల్ల మైనపు పెన్సిలుతో తన చేత్తో గీతలు గీసేవాడు. మొత్తం పన్నెండు ప్రతులు. అచ్చు అన్నింటిలో ఒకటే, గీతలు మాత్రం ఏ ప్రతికి ఆ ప్రతివే.

పదకొండు ప్రతులను ఆయన మద్రాసు వర్క్‌షాపులో తనతో పనిచేసిన పదకొండుమందికి ఇచ్చాడని గ్రేసీ చెప్పింది. ఎవరికి ఇస్తే వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ల ముందే గీతలు గీసేవాడట. ఆ పదకొండుమందిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. పన్నెండోది ఇవ్వడానికి మనిషి దొరకలేదని, గీతలు లేకుండానే అటక మీద యాభై ఐదేళ్లు దాచుకున్నాడు.

సారు పోయాక అది షెడ్డులో లేదని గ్రేసీ అన్నందుకే లోకేశ్వరి ఈ దుకాణానికి వచ్చింది. ఆ పన్నెండో ప్రతి ఇప్పుడు బాలచంద్ర బల్ల మీద ఉంది. దాని మీద గీతలు కూడా ఉన్నాయి.

"మామ ఎప్పుడు ఇచ్చినాడు?" అని లోకేశ్వరి అడిగింది.

ఐదో తారీకు సోమవారం, పొద్దున పదకొండింటికి అని బాలచంద్ర తడుముకోకుండా చెప్పాడు. తను షెడ్డుకు పోయాడు. మామ అటక మీది నుంచి దించిపెట్టిన పటాన్ని తన ముందే గీసి ఇచ్చాడు. ఆ రోజు గ్రేసీ పుత్తూరులో, వాళ్ల ఇంటి దగ్గరే ఉండిపోయింది. కాబట్టి చూసినవాళ్లు లేరు.

"యాడ కూర్చోని గీసినాడు?"

"యాడేంది మేడమ్. కిటికీ పక్కన అద్దం బల్ల ఉండాది కదా, దాని మీదే. కుర్చీలో కూర్చునే గీసినాడు. మోకాలికి ఆపరేషన్ అయినాక ఆయప్ప కింద కూర్చోనింది లేదు."

లోకేశ్వరి తల ఊపింది. చిన్న టార్చి వెలిగించి, కాగితానికి దాదాపు ఆనించి, వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంది. గీతలు నున్నగా లేవు. ఇసుక మీద పెట్టి గీసినట్టు గరుకు గరుకుగా, మధ్యమధ్య తెల్లటి పొక్కులతో ఉన్నాయి. ఎడమ కింది మూలలో ఆ గరుకు ఇంకా ఎక్కువ. అక్కడే కొడవలి ఆకారంలో ఒక సన్నటి తెల్లచార గీతలన్నిటినీ కోసుకుంటూ పోయింది. ఇంకొంచెం కిందికి, ఒక పొడవాటి గీత మూడుచోట్ల తెగి ఉంది. తెగినచోట అంచులు గుండ్రంగా ఉన్నాయి.

ఫోటో తీసుకుంటానంటే బాలచంద్ర ఒప్పుకోలేదు. మద్రాసులో కొనేవాళ్లు పటం ఫోటో బయటికి పోకూడదన్నారట. చివరికి ఒక్క మూలకు సరేనన్నాడు. లోకేశ్వరి ఎడమ కింది మూల పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకుంది.

ఆమె సంచి సర్దుకుంటుంటే అతను, టార్చిని అట్లా పక్కకు ఎందుకు పట్టుకున్నారని మెల్లగా అడిగాడు. పోలీసు ల్యాబులో పంతొమ్మిదేళ్లు చేతిరాతలూ కాగితాలూ పరీక్షించిన మనిషి ఆమె. ఉద్యోగం వదిలి, సొంతంగా కేసులు చూడబట్టి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో తన పని గురించి ఆమెను ఇంత ఆసక్తిగా అడిగినవాళ్లు లేరు. పలచటి కాగితం కింద ఏముంటే దాని గరుకు పైన గీతలో తేలుతుందని, పక్క వెలుగులో అది స్పష్టంగా కనపడుతుందని చెప్పేసింది. మెట్లు దిగి ఆటో ఎక్కాక, ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందని అనిపించింది. అప్పటికి ఆటో కదిలింది.

*

ఆమె వడమాలపేట చేరేసరికి పన్నెండూ ఇరవై. షెడ్డు తాళం పోలీసుల దగ్గరే ఉంది. కాపలా ఉన్న కానిస్టేబులు ఆమెను ల్యాబు రోజుల నుంచి ఎరిగినవాడు. సి.ఐ. గారు ఒకటిన్నరకు గ్రేసీని తీసుకుని వస్తారని, అంతలోగా చూసుకుని పొమ్మని తలుపు తీశాడు.

లోపల ఒకే పెద్ద గది. గోడకు ఆనించిన చెక్క ఫ్రేములు, అచ్చు ఆరబెట్టే తీగలు, సిరా డబ్బాలు. కిటికీ పక్కన అద్దం బల్ల, దాని దగ్గర ఒక కుర్చీ. గది చివర స్టవ్వు పక్కన ఒక పళ్లెం, ఒక గ్లాసు. రెండోది ఎక్కడా లేదు. తన గదిలోనూ ఒకే పళ్లెం ఉన్న గిన్నెల పలక గుర్తొచ్చి, లోకేశ్వరి చూపు తిప్పుకుంది.

అటక కింద నిచ్చెన ఇంకా అట్లాగే ఉంది. దాని మొదట్లో పోలీసులు సుద్దతో గీసిన శరీరం ఆకారం. కుడి చెయ్యి ముందుకు చాచి ఉంది.

ఆమె మైనపు పెన్సిళ్ల డబ్బాలోంచి ఒకటి తీసుకుంది. సంచిలోంచి పలచటి కాగితాలు తీసి, ఒకటి అద్దం బల్ల మీద పెట్టి గీసింది. గీత నున్నగా, నిండు నలుపుగా వచ్చింది. రెండోది చెక్క పలక మీద పెట్టి గీస్తే పొడవాటి చారలు వచ్చాయి. తర్వాత నేల మీద మోకాళ్లూనింది. నడిచి నడిచి అరిగిన సిమెంటు నేల కూడా దాదాపు అద్దంలాగే ఉంది. ఇక మిగిలింది నిచ్చెన మొదట్లో, చాటంత మేర. అక్కడ నేల పగిలితే పోయినేడు ముతక ఇసుకతో మళ్లీ పూశారు. సుద్దగీతలో చాచిన చెయ్యి సరిగ్గా అక్కడే ఆగింది.

కాగితం పరిచి మెల్లగా గీసింది. గరుకు తేలింది. తెల్లటి పొక్కులు తేలాయి. ఇంకో నాలుగు గీతలు గీసేసరికి, పూతలోని పగులు కొడవలి ఆకారంలో తెల్లగా లేచింది. ఫోటో పక్కన పెట్టి స్కేలుతో కొలిచింది. వంపు అదే, పొడవు అదే.

ఆమె చాలాసేపు అట్లాగే మోకాళ్ల మీద ఉండిపోయింది. మోకాలు వంగని మనిషి, కుర్చీ వదిలి నేల మీద కూర్చోలేని మనిషి, ఈ చాటంత నేల మీద కాగితం పెట్టుకుని గీశాడు. పడిపోయాక తప్ప ఆయన చెయ్యి ఇక్కడికి వచ్చే వీలు లేదు.

"సీలు వేసిన చోట్లో బొమ్మలు గీసుకుంటా ఉండారా మేడమ్?"

గుమ్మంలో మునిప్రసాద్. వెనక కానిస్టేబులు ముఖం వాడిపోయి ఉంది.

వాళ్లిద్దరి మధ్య మాటలు ఆగిపోయి ఆరేళ్లయింది. ఒక వీలునామా కేసులో, సంతకం దొంగది కాదని లోకేశ్వరి రిపోర్టు రాసింది. మునిప్రసాద్ ఆ రిపోర్టు మార్చమన్నాడు. ఆమె మార్చలేదు. కేసు పోయింది. తర్వాత ఎవరూ పైకి ఏమీ అనలేదు కానీ, ల్యాబులో ఆమె బల్ల మీదికి ఫైళ్లు రావడం ఆగిపోయింది. ఖాళీ బల్ల ముందు నాలుగు నెలలు కూర్చుని, ఒక రోజు ఆమే రాజీనామా ఇచ్చింది.

ఇప్పుడు ఆమె లేచి, ఫోనులోని ఫోటోనూ తను గీసిన కాగితాన్నీ అతని చేతిలో పెట్టింది. పటం మీది గీతలు ఐదో తారీకు బల్ల మీద గీసినవి కావని, తొమ్మిదో తారీకు యోగానంద పడిపోయాక ఈ నేల మీద గీసినవని చెప్పింది. బాలచంద్ర అబద్ధమాడాడు. పటాన్ని ఆ రోజే, ఇక్కడి నుంచే ఎత్తుకుపోయాడు.

మునిప్రసాద్ రెండింటినీ కిటికీ దగ్గరికి తీసుకుపోయి నిదానంగా చూశాడు. తెలివితక్కువవాడు కాదు. అది ఆమెకూ తెలుసు.

"సరే, పడినాకే గీసినాడనుకుందాం," అన్నాడు. "అయితే ఆ ముసలాయన బతికుండగా ఈడ ఎవరున్నారో నేను చెప్తా వినండి."

జేబులోంచి ఒక కాగితం తీశాడు. గ్రేసీ ఫోను వివరాలు. సాయంత్రం నాలుగింటికే బస్సెక్కి పుత్తూరు పోయానని ఆమె వాంగ్మూలం ఇచ్చింది. కానీ ఏడూ ఇరవై దాకా ఆమె ఫోను వడమాలపేట టవరు కిందే ఉంది. ఐదూ నలభై ఎనిమిదికి బాలచంద్రకు ఫోను చేసి మూడు నిమిషాలు మాట్లాడింది. పోస్టుమార్టం ప్రకారం తుంటి ఎముక విరిగి, లోపల రక్తం కారి, ఆరుకూ తొమ్మిదికీ మధ్య ప్రాణం పోయింది.

"మీ క్లయింటు మీకు ఇది చెప్పిందా?"

చెప్పలేదు. లోకేశ్వరి ముఖం చూసి అతనికే అర్థమయింది. అయినా ఆమె తగ్గలేదు. ఆ ఫోను ఎందుకు చేసిందో బాలచంద్రను అడిగారా అంది. అడిగామన్నాడు. మర్నాడు పనికి రానని మామకు చెప్పమందట.

"షెడ్డులో ఉన్న మనిషి, షెడ్డులో ఉన్న సారుకు చెప్పమని తిరుపతికి ఫోను చేసిందా? ఫిర్యాదు ఇచ్చినాయన ఫోను ఆ సాయంత్రం యాడుండిందో చూసినారా?"

మునిప్రసాద్ ఫోను వివరాల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చూడలేదన్నమాట. తర్వాత, గ్రేసీ బయట జీపు దగ్గర ఉందని, పది నిమిషాలు మాట్లాడుకోవచ్చని, అయితే తానూ పక్కనే ఉంటానని అన్నాడు.

*

గ్రేసీ షెడ్డు గడప మీద కూర్చుంది. లోకేశ్వరి ఆమె పక్కనే కూర్చుని, ఏమీ అడగకుండా, స్కేలు పెట్టి తీసిన ఫోటోను ఫోనులో ముందు పెట్టింది.

గ్రేసీ దాన్ని చూసింది. తర్వాత కుడి చెయ్యి చాపి, గీత తెగిన మూడుచోట్లా మూడు వేళ్ల కొనలు ఆనించింది.

"నేనే పట్టుకోనుండినా," అంది. "కాగితం జారిపోతా ఉంటే."

అప్పటినుంచి ఆమె ఆగకుండా చెప్పింది. గొంతు ఎక్కడా పెరగలేదు. ఆ శుక్రవారం నాలుగింటికి బయలుదేరిన మాట నిజమే. పోయేముందు సారు, రేపు నీకొకటి ఇస్తానన్నాడు. ఏందని అడిగితే చెప్పలేదు. బస్టాపులో నిలబడ్డాక ఆ మాటే మనసులో తిరిగింది. ఇరవై ఏడేళ్లలో ఆయన అట్లా ఎప్పుడూ అనలేదు. రెండు బస్సులు వదిలేసి, చివరికి వెనక్కి వచ్చింది. వచ్చేసరికి ఆయన నిచ్చెన కింద పడి ఉన్నాడు. పటం ఉన్న అట్ట పక్కనే పడి ఉంది. రేపటిదాకా ఆగలేక తనే అటకెక్కాడు.

సారుకు ఏమైనా అయితే ముందు తనకే చెప్పాలని బాలచంద్ర ఎప్పుడో చెప్పి పెట్టాడు. ఆమె అతనికే ఫోను చేసింది. 108కు తను ఫోను చేస్తానని, ఆమె మళ్లీ చేస్తే రెండు బండ్లు వచ్చి గందరగోళం అవుతుందని, కదలకుండా అక్కడే ఉండమని అతను చెప్పాడు. ఆమె ఉంది. బండి కోసం చూస్తూ సారు తల కింద తన కొంగు మడిచి పెట్టింది.

"పెన్సిలు ఇయ్యమన్యాడు. వద్దు సారూ, కదలద్దు అంటే వినలా. నువ్వు ఎదురుగా కూర్చో గ్రేసమ్మా, ఇది నీకే అన్యాడు. నేను పట్టుకుంటి. ఆయన గీసినాడు. ఒక గీత గీసి చానాసేపు ఊపిరి తీసుకునేవాడు. మళ్లీ ఇంకోటి."

గుమ్మానికి ఆనుకున్న మునిప్రసాద్ ఫోను వివరాల కాగితం మళ్లీ తీసి చూసుకున్నాడు.

ఆరూ ముప్పై ఐదుకు బాలచంద్ర కారులో వచ్చాడు. 108 రాలేదు. దారి తెలియక తిరుగుతోందని, మెయిన్ రోడ్డు మీదికి పోయి నిలబడి చెయ్యి ఊపమని గ్రేసీని పంపాడు. ఆమె పరుగెత్తింది. చీకటి పడుతోంది. తిరుపతి వైపు నుంచి వచ్చే ప్రతి బండికీ చెయ్యి ఊపింది. ఏదీ ఆగలేదు. ఏడూ ఐదు ప్రాంతంలో బాలచంద్ర కారు ఆమె పక్కన ఆగింది. బండి వెనక దారిన వచ్చి సారును తీసుకుపోయిందని, తను దాని వెనకే ఆస్పత్రికి పోతున్నానని, ఆమెను ఇంటికి పొమ్మని చెప్పాడు. ఆమె బస్సెక్కి పుత్తూరు పోయింది. రాత్రంతా ప్రార్థన చేసుకుంది. పొద్దున షెడ్డు ఊడ్చిపెడదామని వచ్చి తలుపు తీసింది.

"ఆన్నే ఉండినాడు," అంది గ్రేసీ. "యాడికీ పోలేదు."

బాలచంద్రకు ఫోను చేస్తే, చివరిదాకా ఉన్నది నువ్వే, షెడ్డు నీ పేర ఉంది, నీ మాట ఎవరూ నమ్మరు, నాలుగింటికే పోయానని చెప్పుకో అన్నాడు. ఆమె అట్లాగే చెప్పింది. తన మీదే ఫిర్యాదు ఇస్తాడని అప్పుడు అనుకోలేదు. లోకేశ్వరికైనా నిజం చెప్పాలని ఆ రోజు మెట్లెక్కి వచ్చింది. అరగంట కూర్చుంది. నోరు రాలేదు.

మునిప్రసాద్ ఫోను తీసి దూరంగా నడిచాడు. 108 కంట్రోల్ రూముకు ఒకటి, ఫోను కంపెనీకి ఒకటి. జవాబులు రావడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. తొమ్మిదో తారీకు సాయంత్రం వడమాలపేటకు బండి కావాలని ఎవరూ ఫోను చేయలేదు. బాలచంద్ర ఫోను ఆరున్నర నుంచి ఏడూ ఐదు దాకా ఈ టవరు కింద ఉంది.

అతను తిరిగి వచ్చి లోకేశ్వరి ముందు నిలబడ్డాడు. క్షమించమని అనలేదు. "కోర్టులో ఇది చాలదు," అన్నాడు. "వచ్చినా, చూసినా, భయపడి పోయినా అంటాడు. పటం కావాలి."

పటం అనగానే లోకేశ్వరికి దుకాణంలో తను వాగిన మాటలు గుర్తొచ్చాయి. మైనపు పెన్సిలు గీతలు టర్పెంటైను గుడ్డ తగిలితే కరిగిపోతాయి. పటాలు కట్టేవాడి దగ్గర టర్పెంటైను ఎప్పుడూ ఉంటుంది. యాభై ఐదేళ్ల కిందటి అచ్చుసిరాకు ఏమీ కాదు.

"జీపు తీయించండి," అంది.

*

మూడూ పదికి దుకాణం ముందు ఆగారు. షట్టరు సగం దించి ఉంది. మునిప్రసాద్ దాన్ని పైకి తోయగానే టర్పెంటైను వాసన గుప్పున తగిలింది.

బాలచంద్ర బల్ల దగ్గర ఉన్నాడు. చేతిలో నల్లబడిన గుడ్డ. పటం ముందు పరిచి ఉంది. ఇటుక రంగు పట్టీ ఉంది, చుక్కల బూడిదరంగు ఉంది. గీత ఒక్కటీ లేదు. యాభై ఐదేళ్లూ అటక మీద ఎట్లా ఉందో అట్లా ఉంది.

తన పటం తను తుడుచుకున్నానని, గీతలు తనకు నచ్చలేదని అతను అన్నాడు. మాట తడబడలేదు. మూల ఫోటో ఒక్కటే మిగిలింది, అదీ ఫోనులో. అది ఈ పటందేనని నిరూపించడం ఎంత కష్టమో మునిప్రసాద్ ముఖంలో కనపడింది.

గ్రేసీ లోపలికి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. తుడిచేసిన కాగితాన్ని చూసింది. ఏడవలేదు. చేతులు కొంగులో చుట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

లోకేశ్వరి అంచులు రెండు వేళ్లతో పట్టుకుని కాగితాన్ని వెనక్కి తిప్పింది. దుకాణంలో లైట్లు ఆపమని కానిస్టేబులుకు చెప్పి, టార్చిని బల్లకు ఆనించి వెలిగించింది.

తెల్లటి వెనక వైపు, పక్క వెలుగులో, గీతలన్నీ లేచాయి. గట్టి నేల మీద పెట్టి నొక్కి గీసిన ప్రతి గీతా కాగితాన్ని వెనక్కి ఉబ్బించింది. వాటి చుట్టూ ముతక ఇసుక గుచ్చిన గుంటలు. కొడవలి పగులు కూడా ఉంది. మైనం కరిగింది కానీ కాగితం మీద పడిన చేతి బరువు ఎక్కడికీ పోలేదు.

మునిప్రసాద్ వంగి చూశాడు. కానిస్టేబులును ఫోటోలు తీయమన్నాడు. అంతలో గ్రేసీ ముందుకు జరిగింది. వేలు కాగితానికి తగలకుండా, గాలిలోనే, ఒక్కొక్క గీత మీదుగా పోనిచ్చింది. ఆరో గీత దగ్గర ఆగిపోయింది.

"నేను పట్టుకున్నప్పుడు ఆరే గీసినాడు," అంది. "ఇవి లేవు."

ఆమె చూపించినవి ఇంకో నాలుగు. లోకేశ్వరి టార్చి అటు తిప్పింది. మొదటి ఆరు గీతలూ నిలకడగా ఉన్నాయి. తర్వాతి మూడూ వంకరగా, రెండేసి సార్లు పడినట్టు ఉన్నాయి. పెన్సిలు కింద కాగితం జారిపోతుంటే, పట్టుకునే చెయ్యి లేకపోతే, గీత అట్లా పడుతుంది. చివరిది వేరుగా ఉంది. కాగితం మధ్యలో చిన్నగా మొదలై, ఒక్కసారిగా తిన్నగా, ఎక్కడా వణుకు లేకుండా అంచుదాకా పోయి, అంచు దాటిపోయింది.

ఆమె బల్ల మీదున్న తెల్ల కాగితం ఒకటి తీసుకుని, పెన్సిలు మొన కదలకుండా దాని మీద ఆనించి, రెండో చేత్తో కాగితాన్ని సర్రున లాగింది. అట్లాంటి గీతే వచ్చింది.

మునిప్రసాద్ నిదానంగా నిటారయ్యాడు.

"నువ్వు కాగితం లాక్కున్నప్పుడు పెన్సిలు ఆయన చేతిలో ఉండింది," అన్నాడు బాలచంద్రతో. "ఆయన గీస్తా ఉండినాడు."

బాలచంద్ర కాదనలేదు. గుడ్డను బల్ల అంచున పెట్టి, వెనకనున్న స్టూలు కోసం చేత్తో వెతుక్కుని కూర్చున్నాడు. ఎట్లాగూ పోతాడనుకున్నానని మాత్రం ఒకసారి అన్నాడు. ఆస్పత్రి పుత్తూరులోనే ఉందని, పావుగంట దారి అని మునిప్రసాద్ అన్నాడు. సి.ఐ. ఫైలులోంచి గ్రేసీ పేరు రాసిన అరెస్టు కాగితం తీసి, మడిచి జేబులో పెట్టుకుని, కానిస్టేబులుకు చేత్తో సైగ చేశాడు.

గ్రేసీకి ఇవేవీ వినపడుతున్నట్టు లేదు. ఆమె ఆ వంకర గీతల వైపే చూస్తోంది.

"నేను రోడ్డు మీద నిలబడుకోనున్నంత సేపూ గీస్తానే ఉండినాడా మేడమ్?"

అవునని చెప్పడం కంటే, తెలియదని చెప్పడం తేలిక. పంతొమ్మిదేళ్లలో లోకేశ్వరి తను చూసినదాన్ని మార్చి చెప్పింది లేదు.

"గీస్తా ఉండినాడు," అంది. "కాగితం పోయినాక గూడా ప్రాణంతో ఉండినాడు."

గ్రేసీ తల ఊపింది. తర్వాత బల్ల ముందున్న కుర్చీ లాక్కుని, గీసేవాళ్లకు ఎదురుగా కూర్చున్నట్టు, కాగితానికి ఎదురుగా కూర్చుంది. లోకేశ్వరి టార్చి ఆపలేదు. బ్యాటరీ తగ్గి వెలుగు పసుపుపచ్చగా మారేదాకా అట్లాగే పట్టుకుంది.